రెండంగుళాలు తక్కువైన తాడు



కార్తీకం కదా, ఈ వారం వీడియోలో దామోదర లీల చెప్పుకున్నాం. దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట. పొట్టకి తాడు కట్టించుకున్నవాడు దామోదరుడు. ఆ కథకి, మా ఇంటికి ఒక సంబంధం ఉంది. వీడియోలో చెబుదామనుకున్నాను కానీ గొంతు పట్టేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా పాపని మేం దత్తత తెచ్చుకున్నాం. ఇప్పుడు తనకి తొమ్మిదేళ్లు. ఈ సంగతి రాయొచ్చా అని తననే అడిగాను. "రాయమ్మా, కానీ నా పేరు రాయకు" అంది. సరే, పేరు ఉండదు.

ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు మేం డల్లాస్‌లో ఉండేవాళ్లం. దరఖాస్తు, ఇంటికొచ్చి చూసి వెళ్లడాలు, ఎదురుచూపులు, కోర్టు ఉత్తర్వు, పాస్‌పోర్టు. అప్పట్లో ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. అవన్నీ అయ్యాక ఒడిశాలోని ఒక శిశుగృహం నుంచి మూడేళ్ల పిల్లని ఎత్తుకుని విమానం ఎక్కాం.

నేనేం ఊహించుకున్నానో తెలుసా? ఇంటికి రాగానే మెడ చుట్టూ చేతులేస్తుంది, నాకు కళ్లమ్మట నీళ్లొస్తాయి అని. పాప మాత్రం కాళ్లకున్న చెప్పులు విప్పనివ్వలేదు. పొద్దంతా వాకిలి తలుపు దగ్గరే కూర్చునేది. రాత్రి కూడా చెప్పులతోనే పడుకునేది. ఎవరో వచ్చి తీసుకెళ్తారు, తయారుగా ఉండాలి అన్నట్టు. తనకొచ్చింది ఒడియా, మాకు ఆ భాష నాలుగు ముక్కలు కూడా రాదు. వేడన్నం, పప్పు, నెయ్యి కలిపి పెడితే తోసేసేది. "పొఖాళొ, పొఖాళొ" అని ఏడ్చేది. అదేంటో మాకు తెలియలేదు.

ఇంకోటి. దిండు గలీబులో చపాతీ ముక్కలు, బిస్కెట్లు దాచేది. చీమలు పడుతున్నాయని ఒకరోజు అన్నీ తీసి చెత్తబుట్టలో పడేశాను. అది చూసి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఊరుకోబెడదామని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. నా చెయ్యి కొరికేసింది. నేను కూడా గట్టిగా అరిచేశాను.

ఆ రాత్రి బాత్రూంలో కూర్చుని ఒక మాట అనుకున్నాను. అది మావారికి కూడా ఏడాది తరవాతగానీ చెప్పలేదు. "నాకీ పిల్ల మీద ప్రేమ రావట్లేదు. నేను తప్పు చేశానేమో." ఇంటి నుంచి రోజూ వీడియో కాల్. "అమ్మా అని పిలిచిందా?" అని అమ్మ, అత్తయ్య ఆశగా అడిగేవాళ్లు. దేశం దాటిన పిల్ల గురించి రెండేళ్లపాటు ఇండియాకి రిపోర్టులు వెళ్లాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. మా రిపోర్టులో ఏం రాస్తారో అని నాకు నిద్ర పట్టేది కాదు.

సోషల్ వర్కర్ వచ్చినప్పుడు మాత్రం నన్ను తప్పు పట్టలేదు. కొన్ని వారాలు చుట్టాల్ని పిలవొద్దు, పార్టీలు వద్దు, తిండి, స్నానం, నిద్ర అన్నీ మీ ఇద్దరి చేతుల మీదే జరగాలి అంది. వింటుంటే మన పురుడు గుర్తొచ్చింది. తల్లీ పిల్లా ఒక గదిలో, బయటి గోల లేకుండా. బాలింతకైతే కాయం చేసి పెడతారు, పడుకో అంటారు. నేనూ బాలింతనే అని ఎవరికీ తట్టలేదు. నాకే తట్టలేదు!

అది కార్తీక మాసం. సాయంత్రం దీపం పెట్టి భాగవతం తెరిస్తే దామోదర లీల దగ్గర ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి విన్న కథే. కుండ పగలగొట్టిన కన్నయ్య వెంట యశోదమ్మ కర్ర పట్టుకుని పరిగెడుతుంది. పట్టుకుంది. పిల్లాడి కళ్లలో భయం చూసింది. చూడగానే ఏం చేసింది? కర్ర పారేసింది. ఆ తరవాతే తాడు తెచ్చింది. రోటికి కడదామంటే రెండంగుళాలు తక్కువ. ఇంకో తాడు ముడేసింది. మళ్లీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో ఉన్న తాళ్లన్నీ అయిపోయాయి. చెమట పట్టింది, జడలో పూలు జారిపోయాయి. అమ్మ అలసిపోయిందని చూసి, అప్పుడు తనంతట తనే కట్టుబడ్డాడు.

ఆ రెండంగుళాలకి పెద్దలు ఒక అర్థం చెప్తారు. ఒకటి మన ప్రయత్నం, రెండోది ఆయన దయ. మొదటిది మన చేతిలో ఉంది. రెండోది లాగితే రాదు.

కానీ నాకు ఒక అనుమానం వచ్చింది. యశోదకి తను కన్నతల్లి కాదని తెలియదు కదా. నాకు తెలుసు. పాపకీ తెలుసు. మరి నాకు ఈ కథ ఎలా సరిపోతుంది? అప్పుడు భారతంలో రాధ గుర్తొచ్చింది, కర్ణుణ్ణి పెంచిన తల్లి. ఏటిలో పెట్టెలో కొట్టుకొచ్చిన బిడ్డ అని ఆవిడకి తెలుసు. ఉద్యోగ పర్వంలో కృష్ణుడు "నువ్వు కుంతి కొడుకువి, వచ్చేయ్, రాజ్యం నీదే" అంటే కర్ణుడు ఏమన్నాడు? రాధ నా మలమూత్రాలు ఎత్తింది, ఆవిణ్ణి ఎలా వదులుతాను అన్నాడు. రాజ్యం ఎదురుగా ఉన్నప్పుడు ఆయనకి గుర్తొచ్చింది ఆ చాకిరీ. అది చదివాక మనసు తేలికైంది. ప్రేమ పొంగుతోందా లేదా అని చూసుకోవడం మానేశాను. చాకిరీ చేద్దాం, అదే ముడి అనుకున్నాను.

ముందు కర్ర పారేయాలి కదా. మూతున్న చిన్న డబ్బాలో రెండు చపాతీలు పెట్టి పాప తలగడ పక్కనే ఉంచాను. రోజూ తాజాగా మార్చేదాన్ని. చెప్పులు విప్పమనడం మానేసి, పడుకునే ముందు వాటి అడుగులు తడిబట్టతో తుడిచేదాన్ని. మావారి ఆఫీసులో ఒక ఒడియా అబ్బాయిని అడిగితే పొఖాళొ అంటే ఏంటో తెలిసింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినడం. అంటే మన చద్దన్నమే! యమున ఒడ్డున కన్నయ్య గోపబాలురతో కూర్చుని తిన్నదీ చల్దులే కదా. మర్నాడు పొద్దున పెరుగు, ఉప్పు వేసి పెట్టాను. గిన్నె ఖాళీ చేసి, నా వైపు చూసింది. అంతే. నవ్వలేదు, పిలవలేదు.

నెల దాటాక ఒకరోజు సాయంత్రం దీపం పెట్టి వెనక్కి తిరిగాను. పాప ఉత్తకాళ్లతో నిలబడి ఉంది. చెప్పులు ఎక్కడా అని చూస్తే వాకిట్లో నా చెప్పుల పక్కన, జతగా. నేను విప్పలేదండీ. తనే విప్పి పెట్టుకుంది. అమ్మా అని పిలవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. నాకు మాత్రం ఆ రోజే తాడు ముడి పడింది.

తరవాత గుడికి వెళ్తే పూజారి గారు గోత్రం, నక్షత్రం అడిగారు. జన్మ నక్షత్రం తెలియదన్నాను. "దానికేముందమ్మా, పేరు మొదటి అక్షరానికి నామనక్షత్రం ఉంది" అని మా గోత్రంతోనే అర్చన చేశారు. పక్కనే ఒక ఆంటీ "సొంత పిల్లలు లేరా అమ్మా?" అంది. అప్పుడు జవాబు దొరకలేదు. ఇప్పుడు చెప్తా. శ్రీనివాసుడి తరఫున పెళ్లి మాట్లాడటానికి వెళ్లింది ఆయన్ని బిడ్డగా చూసుకున్న వకుళమాత. పద్మావతిని కన్యాదానం చేసింది, భూమి దున్నుతుంటే దొరికిన బిడ్డని పెంచుకున్న ఆకాశరాజు. ఏడుకొండలవాడి పెళ్లిలో రెండు వైపులా పీటల మీద ఉన్నది పెంచినవాళ్లే. ఇంతకంటే సొంతం ఏముంటుంది?

మీలో చాలామందికి దత్తత సంగతి దూరంగా అనిపించొచ్చు. కానీ కొత్తగా పెళ్లయినవాళ్లు ఉంటారు, అమ్మానాన్నలతో మాటలు తగ్గినవాళ్లు ఉంటారు. "ఇంత చేశాను, ఇంకా దగ్గరవ్వట్లేదే" అని తాడు లాగుతున్నారా? ఈ వారం ఒక్క పని చేయండి. దీపం పెట్టేటప్పుడు ఒక మనిషిని తలుచుకుని, వాళ్ల కోసం ఒక చిన్న చాకిరీ చేస్తానని సంకల్పం చెప్పుకోండి. ఫలితం అడగకండి. మీ అంగుళం మీరు కలపండి. రెండోది దామోదరుడు చూసుకుంటాడు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.