పొర లోపలి తిండి, పొర బయటి తిండి

అన్నంలోని పిండిపదార్థం చాలావరకు చిన్నపేగులోనే గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. పీచు సంగతి వేరు. దాన్ని విడగొట్టే ఎంజైములు మన శరీరానికి దాదాపు లేవు. పెద్దపేగులో కాపురముండే బాక్టీరాయిడీస్ సూక్ష్మజీవులకు ఉన్నాయి. అయితే వాటికీ ఒక చిక్కుంది: చక్కెరలు బారుగా గొలుసుకట్టిన అంత పెద్ద అణువు కణం బయటి పొరలోంచి దూరదు.

అందుకే ఆ పొరలో రెండు ప్రోటీన్లు జతకట్టి పనిచేస్తాయి. సస్-సి సొరంగమైతే, సస్-డి దాని మూత. పొర మీది ఎంజైము గొలుసును పెద్ద ముక్కలుగానే కోస్తుంది. ముక్క దొరకగానే మూత వాలిపోతుంది, సరుకు లోపలికి చేరుతుంది. బయటి పొరకు సొంత శక్తి లేదు కనుక, లోపలి పొర అందించే శక్తితోనే ఈ ద్వారం నడుస్తుంది. మిగతా కోత అంతా ఆ రెండు పొరల మధ్య, పొరుగువారికి అందని చోట జరుగుతుంది.

ఈస్టు కణాల గోడలో ఉండే మానన్ అనే చక్కెర గొలుసును ఒక బాక్టీరాయిడీస్ ఇలాగే తింటుందనీ, పక్కవాటికి దాదాపు ఏమీ వదలదనీ 2015లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ గిల్బర్ట్ బృందం చూపింది. దీన్ని 'స్వార్థ' విధానమన్నారు.

మరుసటి ఏడాది సెత్ రాకోఫ్-నహూమ్, లారీ కామ్‌స్టాక్ తదితర పరిశోధకులు ఆ సూక్ష్మజీవి దాయాదిని పరిశీలించారు. బాక్టీరాయిడీస్ ఓవాటస్, ఉల్లి వెల్లుల్లిలో ఉండే పీచైన ఇన్యులిన్‌ను పొర బయటే విడగొడుతుంది. ఆ పని చేసే ఎంజైములను తీసేసినా అది ఇన్యులిన్ తిని మామూలుగానే పెరిగింది. మరి ఆ శ్రమ ఎవరి కోసం? బాక్టీరాయిడీస్ వల్గాటస్ అనే పొరుగుజీవి ఆ ముక్కలు తిని బతుకుతుంది, బదులుగా ఓవాటస్‌కూ మేలు చేస్తుంది.

ఇంతకీ ప్రకృతి ధర్మం ఏది? దాచుకోవడమా, పంచుకోవడమా? ఒకే పేగులో, ఒకే వంశంలో రెండూ ఉన్నాయి. మొదటిది దుర్మార్గమూ కాదు, రెండోది త్యాగమూ కాదు. కణానికి తన తీరును ప్రశ్నించుకునే వీలు లేదు. మంచిచెడ్డల మాటలు దానికి మనం తగిలించినవే.

ఆ వీలు మనిషికి ఉంది. ఆకలితో ఉన్నవాళ్ల ఎదుట ధాన్యపు గిడ్డంగికి తాళం వేసి, లోకరీతి ఇంతే అనేవారి పక్షాన ప్రకృతి సాక్ష్యం చెప్పదు. తాళం వేసింది మనిషి. ఎందుకు వేశావని అడగాల్సింది, జవాబు చెప్పాల్సింది కూడా మనుషులే.