కపటవేషధారి దైవము – నిష్కపట భక్తి

దైవము సత్యస్వరూపమని సర్వమతములును బోధించుచున్నవి. అయినను భక్తుల కథలను చదివినచో ఆ సత్యస్వరూపుడే మారువేషమున వచ్చి, ఉన్నది దాచి, లేనిది చూపి, నమ్మినవానిని మోసగించినట్లు పలుతావుల కనబడును. సత్యమునకు మూలమైనవాడు కపటము నాశ్రయించుట ధర్మమేనా? అట్టి దైవమును నమ్మి కొలుచువాని సత్యవర్తనము నిలుచునా? ఈ ప్రశ్న పండితుల వాదములకు మాత్రమే చెందినది కాదు. విభూతి ధరించిన అపరిచితు డొకడు గడపలో నిలిచి చేయిచాచినప్పుడెల్ల, ఆ యింటి యిల్లాలు ఈ ప్రశ్నకు తన చేతితోనే సమాధానము చెప్పుచున్నది.

చోడవరము పూర్వము విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలోనిది. ఆ యూరి స్వయంభూ విఘ్నేశ్వరుడు ఉత్తరాంధ్రమున ప్రసిద్ధుడు. గౌరీశ్వరాలయము కూడ అచ్చట కలదు. విఘ్నములు తొలగింపుమని భక్తులు విఘ్నేశ్వరుని ముందు టెంకాయ కొట్టుదురు. అయితే ప్రాచీన గ్రంథములను చూచినచో వేరొక సంగతి తెలియును. మానవగృహ్యసూత్రములో వినాయకులు నలుగురు. వారు మనుష్యులను పట్టి పీడించువారు. యాజ్ఞవల్క్యస్మృతిలో వినాయకుడు కార్యములకు విఘ్నము కలిగించుటకై నియమింపబడినవాడు. వాని పట్టు వదలించుటకు శాంతి చెప్పబడినది. అడ్డుపెట్టువాడును అడ్డుతీయువాడును ఒక్కడే యను భావము మన దేశమున అతి ప్రాచీనమైనది. ఇక గౌరీశ్వరుడను పేరే యొక మారువేషమును జ్ఞప్తికి తెచ్చును. గౌరి తపస్సు చేయుచుండగా శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చి, ఆమె యెదుట తన్ను తానే నిందించుకొనెను గదా!

తెలుగున శ్రీనాథుని హరవిలాసము ఇట్టి కథలకు నిలయము. అవచి తిప్పయసెట్టికి అంకితమైన ఆ కావ్యములో ఏడు ఆశ్వాసములు. చిరుతొండనంబి యింటికి శివుడు వేషముతోనే వచ్చును. గౌరి ముందు వేషముతోనే నిలుచును. దారుకావనమున వేషముతోనే తిరుగును. అర్జునునితో కిరాతవేషమున పోరును. మహాభారత వనపర్వమున ఈ కిరాతుని కథలో ఒక సూక్ష్మమైన ఘట్టమున్నది. ఓడిన యర్జునుడు మట్టితో శివుని రూపము చేసి పూలమాల వేయును. తలయెత్తి చూచునప్పటికి ఆ మాల కిరాతుని శిరస్సున నుండును. తాను పూజించినవాడును తాను ద్వేషించి కొట్టినవాడును ఒక్కడేయని ఆ క్షణమున నతడు గ్రహించును. వేషము వేసినది శివుడు. కాని ఆ వేషము వలన బయటపడినది అర్జునుని చూపులోని కొరత.

ఈ కథలన్నిటిలో కఠినమైనది చిరుతొండనంబి కథ. అరవమున సేక్కిళారు పెరియపురాణములోను, తెలుగున పాల్కురికి సోమనాథుని బసవపురాణములోను, హరవిలాసములోను ఇది కొద్దిపాటి భేదములతో కనబడును. శివుడు భైరవవ్రతుడైన తాపసివలె వచ్చి, నరమాంసమును కోరి, భక్తుని యేకైక పుత్రునే వండిపెట్టుమనును. తల్లిదండ్రులు ఆ పని చేయుదురు. భోజనమునకు కూర్చున్న అతిథి, కొడుకును పిలువనిదే తిననని పట్టుపట్టును. లేని కొడుకును పిలువగా ఆ బాలుడు నవ్వుచు పరుగెత్తి వచ్చును.

ఈ కథ విన్న తల్లి యెవతెకైనను గుండె తరుక్కుపోవును. భక్తియన నిదియేనా యని అడుగుట అపచారము కాదు. ఆ ప్రశ్నను బసవపురాణమే యడిగినది. అందు హలాయుధుడను భక్తుడు ఈ నరమాంసపు కోరికకు శివునే తప్పుపట్టెను. దేవుని దోషమును దేవుని భక్తుడే యెత్తిచూపిన కథను సోమనాథుడు దాచలేదు. శివభక్తుల చరిత్రలలో నొక చరిత్రగా నిలిపెను. కపటమును కపటమని చెప్పగల ధైర్యము కూడ భక్తిలో నొక భాగమని దీనివలన తెలియుచున్నది.

మాయలమారి దైవముపై భక్తి మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపా ఉత్తరభాగమున క్రైస్తవమునకు పూర్వము ఓడిన్, థోర్ మున్నగు దేవతల ఆరాధన ఉండెడిది. వారి కథలను 13వ శతాబ్దమున ఐస్లాండు దేశీయుడైన స్నోరి స్టుర్లుసన్ ఎడ్డా యను గ్రంథమున చేర్చెను. ఆ దేవతలతో కలిసి తిరుగు లోకి యనువాడు జిత్తులమారి. థోర్ భార్య జుట్టును కత్తిరించివేయును. పట్టుబడి, దానికి బదులు మరుగుజ్జు శిల్పులచేత బంగారు జుట్టు చేయించి తెచ్చును. థోర్ ఆయుధమైన సుత్తి కూడ వాని జిత్తుల ఫలితముగానే దేవతలకు దక్కును. అయితే అందరికిని ప్రియుడైన బాల్డర్ మరణమునకు కూడ వాడే కారకుడు. ఐస్లాండులో ఆ పాత దేవతల ఆరాధకులు 1972లో సంఘముగా నేర్పడిరి; మరుసటి యేడు ప్రభుత్వము దానిని గుర్తించెను. అమెరికాలోను ఇతర దేశములలోను అట్టి సంఘములు వెలసినవి.

ప్రాచీనకాలమున లోకికి ప్రత్యేకమైన పూజ ఉన్నట్లు ఆధారములు కానరావు. నేడు మాత్రము వానిని ఇష్టదైవముగా భావించువారు కలరు. వారి సంఘములలోనే ఈ విషయమై తగవులు జరిగినవి. వాని పేర పానీయము నెత్తుట కూడదని నిషేధించిన సంఘములు కూడ ఉన్నవి. ఆ భక్తుల వాదమును వినుట న్యాయము. సంఘము వెలివైచినవారికి అతడు ఆప్తుడని వారందురు. పెద్దల డాంబికమును బట్టబయలు చేయువాడు కూడ ఒక విధముగా సత్యమునకే సేవ చేయుచున్నాడని వారి భావము. నిజమే, ఒక పాత గీతమున లోకి దేవతల విందులో చొరబడి యొక్కొక్కరి లోపమును ముఖముమీదనే చెప్పును. తాము మోసము చేయుటకు అతడు అనుమతి యిచ్చెనని వారిలో వివేకవంతులెవరును అనరు. అయినను బాల్డర్ తిరిగి రాలేదను మాట వారి ముందు నిలిచియే యుండును.

ఇచ్చట రెండు సంప్రదాయముల తారతమ్యము తేటపడును. శివుని మారువేషమునకు రెండు లక్షణములు కలవు. మొదటిది: వేషము చివరకు తొలగును. బ్రహ్మచారి శివుడై నిలుచును, కిరాతుడు పాశుపతమిచ్చును, తాపసి సాక్షాత్కరించును. రెండవది: తీసికొన్నది తిరిగి వచ్చును. మోసగాని వేషము దీనికి విరుద్ధము. వాడు గుర్తింపబడుటకు వెరచును, తీసికొన్నదానితో పారిపోవును. కావున పరీక్షకును వంచనకును భేదము ఆరంభమున కనబడదు, అంతమున కనబడును. చిరుతొండని కథ ఎవరికిని ఆదర్శవిధి కాజాలకపోవుటకు కారణము కూడ ఇదియే. చచ్చిన బిడ్డను బ్రతికించి యియ్యగలవాడే ఆ బిడ్డను అడుగదగినవాడు. మనుష్యులలో అట్టివాడు లేడు. దైవము పేర బలిని కోరు మనుష్యుడు, ఎంతటి జటాధారియైనను, శివుని మాట పలుకుచున్నవాడు కాడు.

అయినను ఆరంభమున నిలిచిన యిల్లాలి కష్టము తీరలేదు. అంతము వరకు వేచి చూచుటకు ఆమెకు వ్యవధి లేదు. గడపలో మనిషి నిలిచియున్నాడు. ఈ సందర్భమున తలచుకొనదగిన కథలు రెండున్నవి. పెరియపురాణమున మెయ్‌ప్పొరుళ్ అను రాజొకడు. శివవేషమే పరమార్థమని నమ్మినవాడు. యుద్ధమున గెలువలేని శత్రువు విభూతి పూసికొని, పుస్తకపు కట్టలో కత్తి దాచి, ఏకాంతమున ఉపదేశమిత్తునని వచ్చి రాజును పొడిచెను. పొడిచినవానిని నరుకబోయిన సేవకుని వారించి, వానిని క్షేమముగా ఊరు దాటించి రమ్మని పంపి, ఆ వార్త విన్న తరువాతనే రాజు ప్రాణము విడిచెను. రెండవది బసవపురాణములోనిది. కొందరు శైవవేషము వేసికొని, లింగములకు బదులు వంకాయలను గుడ్డలో కట్టుకొని బసవేశ్వరుని యింటికి వచ్చిరి. బసవని భక్తి యెదుట ఆ వంకాయలే లింగములైనవి.

ఈ రెండు కథలును కలిపి చదువవలెను. వేషమును నమ్మినవానికి ఒకచోట మరణము, ఒకచోట మహిమ. నమ్మినచో నష్టమే రాదని శైవపురాణములు చెప్పుట లేదు. నమ్మిన కారణమున భక్తుని యంతరంగము చెడదని మాత్రమే చెప్పుచున్నవి. మోసపోవుట వేరు, మోసగాడగుట వేరు. మోసపోయినవాడు పోగొట్టుకొనునది సొమ్ము, ఒక్కొక్కప్పుడు ప్రాణము. మోసగాడు పోగొట్టుకొనునది తన్ను తానే.

బసవేశ్వరుని మార్గము ఈ చిక్కునకు చక్కని దారి చూపినది. ఇష్టలింగము అరచేతిలో నుండును. దానికి ఆభరణము లేదు, ముఖము లేదు, అవయవములు లేవు. వేషమునకే యవకాశములేని రూపమున భక్తుడు దైవమును ప్రతిదినము దర్శించును. అటుపిమ్మట జంగమరూపమున ఆ దైవమే అసంఖ్యాకములైన వేషములతో వీధిలోనికి వచ్చును. అరచేతిలో వేషము లేని దైవమును చూచి చూచి అలవడిన కన్ను మాత్రమే వీధిలో వేషముల వెనుకనున్న దైవమును గుర్తింపగలదు. ఇష్టలింగపూజ ఇంటిలో ముగియదు, దాసోహములో పూర్ణమగును.

అయితే దాసోహమనగా వివేకమును కూడ వడ్డించివేయుట కాదు. వచ్చినవాడు అడుగునది అన్నమా, ఆజ్ఞాపాలనమా యని చూడవలెను. ఆకలికి పరీక్ష వలదు. ఆజ్ఞకు పరీక్ష కావలెను. సంక్రాంతినాళ్ళలో గంట మ్రోగించుచు వచ్చిన జంగమదేవరకు బియ్యము పోయుటకు ముందు వాని నిజాయితీని విచారింపనక్కరలేదు. వాడు కపటియే యైనను పిడికెడు బియ్యముతో వాని కడుపు నిండును, పెట్టిన చేయి మైలపడదు. కాని అదే మనుష్యుడు, గ్రహము పట్టినది నగ విప్పుమన్నను, బిడ్డకు వైద్యము మాన్పుమన్నను, భర్తకు తెలియకుండ సొమ్ము తెమ్మన్నను, పొరుగువానిని అంటరానివానిగా చూడుమన్నను, అప్పుడు హలాయుధుడు శివునే తప్పుపట్టినట్లు ఆ యిల్లాలు వానిని నిలదీయవలెను. అది భక్తికి లోపము కాదు. పెట్టిన యన్నమును, వేసిన ప్రశ్నను దైవము సమానముగా స్వీకరించును.

దైవము కపటమాడెను గదా, మనమేల ఆడరాదు అని తర్కించువారును కలరు. చోడవరము ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పేరుపొందినది. ఆ రైతు దిమ్మలను తూచు వర్తకుడు కాటాలో చేయి పెట్టి, కృష్ణుడు వెన్న దొంగిలింపలేదా, శివుడు వేషము వేయలేదా యని నవ్వినచో, వాని తర్కమునకు జవాబు సులభము. శివుడు తీసినది తిరిగి యిచ్చెను. నీవు తీసిన బెల్లము రైతునకు తిరిగి యిచ్చితివా? దైవలీలలో సగమును మాత్రము అనుకరించుట అనుకరణము కాదు. దొంగతనము, హింస, అసత్యము కూడవని బసవేశ్వరుడు బోధించుటలోని యంతర్యమిదియే. కాయకము శుద్ధమైననే దాసోహము శుద్ధమగును. తూకములో కాజేసిన సొమ్ముతో పెట్టిన అన్నము జంగమునకు చేరదు.

ఈ విచారమున మఠములకు గల బాధ్యత గృహస్థుల బాధ్యతకంటె బరువైనది. గృహస్థుడు వేషమును గౌరవించువాడు. మఠము వేషమును ధరించినది. విభూతి, రుద్రాక్ష, కావి వీనిని చూచి లోకము ప్రశ్నింపకయే చేయిచాచి యిచ్చుచున్నది. అట్టి నమ్మకమునకు పాత్రమైనవారు పైని చెప్పిన రెండు లక్షణములను తమయందు చూపవలెను. వేషము వెనుకనున్నది బయటపడుటకు వెరవరాదు: వచ్చిన ధాన్యమెంత, పోయిన ధాన్యమెంత యని భక్తులడిగినచో లెక్క చూపవలెను. తీసికొన్నది తిరిగి చేరవలెను: అన్నముగా, చదువుగా, రోగికి మందుగా అది సంఘమునకు మరలి రావలెను. ఈ రెండును ఉన్నచోట వేషము శివుని వేషము. లేనిచోట ఎంత విభూతి పూసినను అది కత్తి దాచిన పుస్తకపు కట్టయే.

దైవము ఏ రూపమున వచ్చునో భక్తుని వశములో లేదు. వచ్చినవానియెదుట తాను ఏ రూపమున నిలుచునో అది మాత్రము భక్తుని వశములోనిదే. దైవము వేయి వేషములు వేయవచ్చును. భక్తునికి వేషము లేకుండుటయే వ్రతము.