బంధించినవాని బాధ్యత

చిలుకను పంజరములో నుంచి నీళ్లు పోయుట మరచినవాడు “నేను కొట్టలేదు గదా” యనినచో శ్రావకధర్మ మొప్పుకొనదు. అహింసాణువ్రతమునకు కలుగు దోషము లైదు: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, తిండినీళ్లు ఆపుట. కట్టుబడిన జీవి తన మేత తాను వెదకుకొనలేదు. కావున దాని ఆకలిదప్పులు కట్టినవాని లెక్కలోనికే వచ్చును.

ఈ ధర్మము పశువులకొట్టముతో ఆగునా? కారాగారమునకు వర్తింపదా?

ఇంద్రావతి దరినున్న పాతగూడెము మొదలగు సిరొంచ తాలూకా గ్రామములకు జిల్లా న్యాయస్థానము గడ్చిరోలిలో నున్నది. 2017 మార్చి 7న అచ్చటనే, అమలాపురమున పుట్టిన ఆచార్యుడు జి. ఎన్. సాయిబాబాకును మరి నలుగురికిని మావోయిస్టు సంబంధము కలదని యావజ్జీవ శిక్ష పడెను. ఆయన పోలియోచే కాళ్లు చచ్చి చక్రాలకుర్చీలో మసలువాడు. అంతకు మునుపే, 2015లో, నాగపూరు జైలులో ఆయన ఆరోగ్యము చెడుచున్నదని ఒకరు వ్రాసిన లేఖను బొంబాయి హైకోర్టు వ్యాజ్యముగా స్వీకరించి, జూన్ 30న తాత్కాలిక బెయిలు ఇచ్చెను. శిక్షపడిన పిమ్మట 2022 మేలో, తన మరుగు సైతము కనబడునట్లు గది యెదుట కెమెరా పెట్టిరని ఆయన నిరాహారదీక్ష పూనెను. ఆ ఆగస్టులోనే సహముద్దాయి, గడ్చిరోలి ఆదివాసి పాండు నరోటే, ఖైదీగానే జ్వరముతో మరణించెను. అక్టోబరులో హైకోర్టు అందరిని విడుదల చేయగా సుప్రీంకోర్టు ఆ తీర్పును 2023లో రద్దుచేసి మరల విచారింపుమనెను. 2024 మార్చి 5న హైకోర్టు రెండవసారి నిర్దోషులనెను. నరోటేకు ఆ తీర్పు వినబడలేదు. సాయిబాబా ఆ అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూసెను.

నిర్దోషులు గనుక జాలిపడుట సులభమే. నరోటే నిజముగా దోషియే యనుకొందము. అప్పుడు మందు అక్కరలేదా? “నా కొట్టు దోచినవానికి నా పన్నులతో వైద్యమా?” యని వర్తకు డడుగవచ్చును. న్యాయాధిపతి తీర్పులో వ్రాసినది స్వేచ్ఛ పోవుట మాత్రమే. వైద్యము నిరాకరించుట, మానము తీయుట అందు లేవు. నోటులో వ్రాసిన వడ్డీకి మించి గుంజువానిని మన బజారులోనే యేమందురు? 1974లో విశాఖపట్నం జైలు ఖైదీలు గోడమీది విద్యుత్ తీగపై వ్యాజ్యము వేయగా, సుప్రీంకోర్టు తీగను తీయింపలేదు గాని, శిక్షపడినంతమాత్రమున ఖైదీకి ప్రాథమిక హక్కులన్నియు పోవని చెప్పెను.

ఇక, చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడింటిలో మూడవదే గృహస్థునికి చిక్కు. “వానికి తగినదేలే” యని పత్రిక మడిచిపెట్టువాడు జైలు గడప తొక్కకయే అందు భాగస్వామి యగును. జైళ్లకు అనధికార సందర్శకులుగా ఊరిపెద్దలను నియమించు పద్ధతి కలదు. అట్టివారు వంటశాలను, నీటితొట్టిని, రోగుల గదిని చూచి, చూచినది సందర్శకుల పుస్తకములో వ్రాయవచ్చును.