చందాదారుని ధర్మము

ఇంకను అచ్చుకాని గ్రంథమునకు నేడే వెల చెల్లించువానిని మనము ఏమని పిలువవలెను? కొనుగోలుదారుడందమా, చేతికి వచ్చిన వస్తువు ఏదియు లేదు. దాత యందమా, గ్రంథము వెలువడినపుడు తనకొక ప్రతి రావలెనని అతడు కోరుచున్నాడు. ఋణమిచ్చినవాడందమా, వడ్డీ మాట అటుండగా అసలు తిరిగి వచ్చునన్న పూచీయైనను లేదు. ఈ మూటిలో ఏదియు కాని ఈ మనుష్యునికి మన పెద్దలు చందాదారుడని పేరిడిరి. నేటివారు ఆ పద్ధతినే కొంత విస్తరించి క్రౌడ్‌ఫండింగ్ అనుచున్నారు. పేరు మారినను ప్రశ్న మారలేదు. చందాదారుని హక్కు ఎంతవరకు, అతని ధర్మమెట్టిది అను విషయమును, మన వాద్యముల చరిత్ర తెలుపు గ్రంథమును ఉదాహరణముగా గొని, ఇచట విచారింపదలచితిమి.

ఈ ఉదాహరణమునే గ్రహించుటకు కారణము కలదు. హైదరాబాదున మూసాపేటవంటి చోట ఒక్క యేడాది చెవియొగ్గి నివసించినవారికి ఎన్ని వాద్యములు వినబడవు! ఆషాఢమున బోనముల ముందు డప్పు మ్రోగును. పెండ్లి పందిటిలో డోలును సన్నాయియు వినవచ్చును. మరియొక పెండ్లి ఊరేగింపున మర్ఫా దరువు వీధిని కదలించును. మేడమీది ఇంట ఎవరి బిడ్డయో వయొలినుపై సరళీస్వరములు సాధన చేయుచుండును. 2017లో మెట్రో రైలును, 2022లో కైతలాపురపు వంతెనయు వచ్చిన పిదప ఈ పేట హైటెక్ సిటీ కొలువులకు మరింత చేరువైనది. పలు జిల్లాలవారు ఇచట ఇరుగుపొరుగులై కాపురముండుచున్నారు. ఒక్క వీధిలోనే వినబడు ఈ వాద్యములు ఎచటినుండి వచ్చినవి, ఎవరి చేతులలో రూపుదిద్దుకొన్నవి అని పిల్లవాడు అడిగినచో, బదులు చెప్పగల పుస్తకము ఎన్ని ఇండ్లలో గలదు?

అట్టి గ్రంథమునకు పూనుకొనువారికి మొదటి చిక్కు ధనము. ఊరూర తిరిగి వాద్యములను చూడవలెను, చేయువారిని అడుగవలెను, పటములు తీయించవలెను. పటములు గల పుస్తకమును అచ్చొత్తించుట వ్యయసాధ్యము. లాభము చూచుకొను ప్రకాశకుడు దీనికి వెనుదీసినచో అతనిని తప్పుపట్టజాలము. ఇక మిగిలినవి రెండు మార్గములు: ధనికుడొకడు పోషకుడగుట, లేదా పలువురు తలకొంత వేసికొనుట.

ఈ రెండవ మార్గము క్రొత్తది కాదు. ఇంగ్లండున చార్లెస్ బర్నీ 1776 మొదలు 1789 వరకు నాలుగు సంపుటములుగా వెలువరించిన సంగీత చరిత్ర చందాదారుల ఆదరముననే అచ్చుపడినది. మన హైదరాబాదుననే 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారును వారి మిత్రులును విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రమును శాస్త్రమును తెనుగున చదువగోరు సామాన్య గృహస్థులను పాఠకులుగా కూడగట్టిరి. అయితే ఈ మార్గము ఎల్లపుడు జయప్రదమైనదని చెప్పుట సత్యము కాదు. చెన్నపట్టణమున ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు అను నుద్యోగి 1893లో మన కీర్తనలను ఐరోపా స్వరలిపిలో భాగములుగా వెలువరింప మొదలిడెను. చందాలు చాలలేదు. ఆయన తన సొంత ఆస్తిని వ్యయించి నష్టపడెను. కడకు ఎట్టయాపుర సంస్థానాధిపతిని ప్రేరేపించి, ఆస్థాన విద్వాంసులగు సుబ్బరామ దీక్షితులచేత ఆ విద్యను గ్రంథరూపమున వెలయింపజేయుటకు కారకుడయ్యెను. సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను ఆ మహాగ్రంథము 1904లో, తమిళదేశమున, తెనుగు లిపిలో, జమీందారుని వ్యయముతో అచ్చుపడినది. మొదలియారు దానిని చూడకమునుపే గతించెను.

ఈ కథ చదివినవారు పలువురి చందాకంటె ఒక్క ప్రభువు కొలువే మేలని తలపవచ్చును. గ్రంథము వెలువడినది గదా యని వారి వాదము. కాని ప్రభువు దయ దైవవశమున లభించునది. ఎట్టయాపురమునకు ఒక దొర దొరకినాడు. దొరకని యూళ్లలో ఎన్ని విద్యలు విద్వాంసునితోనే గతించినవో లెక్కించువారెవ్వరు? అదియును గాక, ఇచ్చువాడొక్కడే యైనపుడు అతని యభిరుచియే గ్రంథమునకు పొలిమేర యగును. ఒక లెక్క చూతము. గ్రంథమునకు 5 లక్షల రూపాయలు కావలెననుకొందము. ఆ మొత్తమును ఒక్కడే ఇచ్చినచో, ఒక అధ్యాయము తనకు రుచింపలేదన్న అతని మాట గ్రంథకర్తకు ఆజ్ఞ యగును. 1000 మంది 500 రూపాయల చొప్పున ఇచ్చినచో ఏ ఒక్కని అలుకయు గ్రంథమును ఆపజాలదు. పలువురి సొమ్ములోని గొప్పతనము దాని మొత్తమున లేదు. అది ఏ ఒక్కనికిని లోబడకుండుటలో నున్నది.

అయినను ఇచట ఒక యపాయము పొంచియున్నది. ఒక్క ప్రభువు పోయిన పిదప ఆ పీఠమున గుంపు కూర్చుండవచ్చును. ఎవరికి ఏది ప్రియమో దానికే చందా వచ్చుననుకొందము. వీణకు వేలమంది ఇత్తురు. సరస్వతీదేవి చేతిలోనున్న వాద్యము గదా! పనసమ్రానును ఒకే దుంగగా తొలిచి వీణ చేయు బొబ్బిలి ప్రాంతపు గొల్లపల్లి పనివారి నేర్పు చదివి మనమెల్లరము గర్వింతుము. మరి డప్పు మాట యేమి? చర్మమును శుద్ధిచేసి, చెక్కవలయమునకు బిగించి, సెగకు కాచి, శ్రుతికి తెచ్చు విద్య ఏ విద్యకు తీసిపోవును? చావునకును జాతరకును డప్పు కావలెనని పిలిచి, దానిని మ్రోయించు మాదిగను వాకిట నిలిపిన సమాజము మనది. ఆ యధ్యాయమునకు ఎందరు ఇత్తురు? చందాల పట్టికయే గ్రంథమునకు విషయసూచిక యైనచో, పాత అంటరానితనమే క్రొత్త వేషమున అచ్చుపుటలలో ప్రవేశించును.

నిజమునకు వాద్యముల చరిత్ర ఇట్టి పట్టుదలలను నిలువనీయదు. నేడు మనవారు పరమ శాస్త్రీయమని తలచు వయొలిను ఐరోపానుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ములగు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచిరి. పిమ్మట ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) విజయనగరమునుండి దానికి దేశమంతట కీర్తి తెచ్చిరి. దేవాలయమునకు మంగళవాద్యమగు నాదస్వరమును ప్రకాశము జిల్లాయందు పుట్టిన షేక్ చినమౌలానాగారు (1924–1999) ఉపాసించి, శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని సేవించిరి. హైదరాబాదు పెండ్లిండ్లలో నేటికిని మ్రోగు మర్ఫా, నిజాము సైన్యమున కొలువుచేసిన అరబ్బులును ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును మన నగరమున నాటిన సొత్తు. ఏ వాద్యమును ఏ ఒక్క కులము గాని మతము గాని మాదేయని తాళము వేసికొనజాలదు. తన వాద్యమునకు మాత్రమే ఇత్తునను చందాదారుడు, తన వాద్యపు చరిత్రనే ఎరుగనివాడు.

కావున చందాదారుని మొదటి ధర్మము మా యెరుకలో ఇది: తనకు ప్రియమైన అధ్యాయమునకు గాక, తాను ఎరుగని అధ్యాయమునకు ఇచ్చుచున్నానని తలచి ఇయ్యవలెను. ఎరిగినదానికి వెల యిచ్చుట అంగడిలో నిత్యము చేయుపనియే. ఎరుగనిదానిని తెలిసికొనుటకు ముందుగా ఇచ్చుటయందే చందాకు గౌరవమున్నది.

రెండవది, హక్కును గూర్చినది. వ్రాతపై అతనికి అధికారము లేదు. లెక్కపై సంపూర్ణాధికారము కలదు. ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, పని ఎందాక సాగినది, ఆలస్యమునకు హేతువేమి అని అడుగుట అతని హక్కు. అడుగకమున్నే చెప్పుట గ్రంథకర్త ధర్మము. 2009లో అమెరికాలో ఏర్పడిన కిక్‌స్టార్టర్ అను సంస్థ, నిర్ణయించిన మొత్తము పూర్తిగా చేరినగాని ఎవరివద్దను సొమ్ము తీసికొనని నియమము పెట్టినది. అరకొర ధనముతో పని మొదలిడి నడుమ విడుచుటకంటె ఇట్టి కట్టడి మేలు. దాతల పేర్లు అచ్చువేయునపుడు మొత్తమునుబట్టి అక్షరములు పెంచి తగ్గించు నలవాటును మానవలెను. 1885లో న్యూయార్కున స్వేచ్ఛాదేవి విగ్రహపు పీఠమునకై పులిట్జరు పత్రిక లక్షకు మించిన జనులనుండి విరాళములు సమకూర్చినపుడు, కొద్దిపాటి సొమ్ము పంపిన బాలుర పేర్లను సైతము అచ్చువేసినది. ఇచ్చుటయందు సమానులైనవారిని పుటలయందు ఎక్కువ తక్కువలుగా నిలుపుట యేల?

ఇక పెద్ద యాక్షేపణ యొకటి కలదు. వాద్యకారుడే పస్తులుండగా వాద్యమును గూర్చి పుస్తకమేల యని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. వెదురునకు సొరబుర్రలు అమర్చి చేయు కిన్నెరను, పండ్రెండు మెట్లతో వాయించు దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ బిరుదము లభించినది. 2024లో వారు కూలిపని చేయుచున్న వార్తను పత్రికలలో చదివితిమి. బిరుదము కడుపు నింపదు. పుస్తకమును నింపదు. అయినను పుస్తకము వలదనుట దీనికి బదులు కాదు. ఎవరి నోటినుండి విద్యను గ్రహించి గ్రంథము వ్రాసితిమో వారికి ఆ ధనమున భాగము మొదటనే కేటాయించుట బదులగును. కాగితమునకు వెల యిత్తుము, ముద్రణకు వెల యిత్తుము, పటములకు వెల యిత్తుము. దినమంతయు పనిమాని తన విద్యను విప్పిచెప్పిన ముదుసలికి మాత్రము ఒక ప్రతియు ఒక శాలువయు ఇచ్చి తృప్తిపరచుట న్యాయమగునా? చందా కోరు ప్రకటనలో ఈ పద్దు ఉన్నదా లేదా యని చూచుట చందాదారుని మూడవ ధర్మము. లేనిచో అడిగి పెట్టించవలెను. వ్రాతపై పెత్తనము వలదంటిమి గాని, న్యాయమును గూర్చి నోరు మూసికొనుమని అనలేదు.

గ్రంథము కడకు వెలువడదేని? కష్టపడి, లెక్క చెప్పి, విఫలుడైన గ్రంథకర్తను వంచకునితో జతపరుపరాదు. మొదలియారు పని నిలిచిపోయినను ఆ పట్టుదల మరియొకచోట ఫలించినది. మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చి, సేకరించిన విషయమును గ్రంథాలయమునకు అప్పగించినవాడు ఋణవిముక్తుడే. లెక్క దాచినవాడు మాత్రము, గ్రంథము వెలువరించినను ఋణగ్రస్తుడే.

నేడు చేతిలోని ఫోనుతో వంద రూపాయలు పంపుట క్షణములోని పని. ఇంత సులువైనచోట మరచిపోవుటయు అంతే సులువు. సొమ్ము పంపి మరచినవాడు చందాదారుడు కాడు. అతడు కాసు విసరి సాగిపోయినవాడు. చందాదారుడు లెక్క అడుగును, గడువు గుర్తుంచుకొనును, గ్రంథము చేరినపుడు ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి చదివించును, తనకు పరిచయము లేని అధ్యాయమును మొదట విప్పును. అట్టివారు పేటకు పదిమంది యున్నను, విద్వాంసుడు ఏ దొర గుమ్మముననో నిలువ నవసరముండదు. డప్పు మ్రోయించువాని పేరు వీణ చేసినవాని పేరు ప్రక్కనే, అదే యక్షరములలో అచ్చుపడును.