ఆ చెడ్డ స్నేహితుడెవడు?

బ్రతుకుతెరువు వెదకికొనుచు శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి అనేక తెలుగు కుటుంబములు అండమాను దీవులకు తరలిపోయెను. అక్కడి ఫెరార్గంజ్ వంటి ఊరిలో కూలికో, కొలువుకో చేరిన యువకునికి మేనమామలు, పెదతండ్రులు సముద్రమునకు ఆవలనే మిగిలిపోయిరి. స్నేహితులే అతని బంధుబలగము. సాయంకాలమున అతనికి మొదటి గ్లాసు అందించువాడు శత్రువు కాడు. జ్వరము వచ్చిన రాత్రి మేల్కొని ప్రక్కన కూర్చున్నవాడే. ఆ చేతిని త్రోసివేయుట సులభమని చెప్పువారు ఒంటరితనము నెరుగనివారు.

కుమారుడు త్రాగి వచ్చినాడని తెలిసిన దినమున ప్రతి యింటను ఒకే మాట వినబడును: “మావాడు మంచివాడే, స్నేహితులు చెడగొట్టినారు.” ఐదుగురు స్నేహితులున్న యెడల ఐదిండ్లలోను ఇదే మాట. ఐదుగురును చెడిపోయినవారే గాని చెడగొట్టినవాడెవడును కనబడడు. మరి ఆ చెడ్డ స్నేహితుడెవడు?

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థులనుగూర్చి డెబోరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1993లో ఒక పరిశోధనను ప్రకటించిరి. అక్కడి త్రాగుడు వాడుకనుగూర్చి విద్యార్థులు లోలోపల సంకోచించుచు, తోటివారికి మాత్రము అంత సంకోచము లేదని తలంచుచుండిరట. ఫెరార్గంజ్‌లోనైనను మనుష్యహృదయము వేరు కాదు. ఒకడు నవ్వుట చూచి మరియొకడు ధైర్యము తెచ్చుకొనును. ఆ మొదటివాడు వీని నవ్వు చూచియే నవ్వియుండును. ఇట్లు ఎవని మనస్సునకును పూర్తిగా ఇష్టము లేని పని అందరి ఇష్టమువలె నడచిపోవును. ప్రతివాడును తక్కిన నలుగురికి ఆ చెడ్డ స్నేహితుడే.

అయితే త్రాగినవానికి దోషము లేదా? ఉన్నది. గ్లాసు పట్టుకొన్న చెయ్యి వానిదే. కాని ఆ దోషము వానితోనే ఆగదు. త్రాగకపోయినను, వద్దన్నవానిని చూచి పరిహసించినవాడు తాను నిర్దోషినని ఇంటికి వెళ్లి నిద్రించుట న్యాయమా?

సాంగత్యమును విడిచిపెట్టుమని పెద్దలు చెప్పుదురు. కొన్ని వేళల అంతకంటె వేరు మార్గము లేదు. అయినను చిన్న ఊరిలో, నలుగురే తెలిసినచోట, విడిచి ఎక్కడికి పోవలెను? దానియేలు చరిత్రలో ఒక సంగతిని తరచుగా గమనింపక దాటిపోవుదుము. రాజు ద్రాక్షారసమువలన అపవిత్రుడు కాకూడదని నిశ్చయించుకొన్నవాడు దానియేలే. పది దినముల పరీక్షను మాత్రము అతడు నలుగురి పక్షముగా అడిగెను. తన స్నేహితులను విడిచి పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును ఎదిరించినప్పుడును అంతే. అక్షరములు నేర్చుకొనుటకు కలిసి కూర్చున్న చోటనే వారికి ధైర్యము పుట్టెను. ఆ ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము అమలయ్యెను. ఇంటింట విడివిడిగా ఏడ్చిన కాలములో ఆ దుకాణము మూతపడలేదు.

ఫెరార్గంజ్‌లో ఒక సాయంకాలము ఐదుగురిలో ఒకడు “నాకు వద్దు, టీ చాలు” అని లేచిపోక అక్కడనే కూర్చుండవచ్చును. కొందరు నవ్వుదురు. ప్రక్కనున్నవాడు తన గ్లాసు క్రింద పెట్టునో లేదో ఆ మాట పలుకువరకు ఎవరికిని తెలియదు.