జీవుని ప్రయత్నము – ఈశ్వరుని అనుమతి

అహోబిల యాత్రలో, ఎగువ సన్నిధి మెట్లపై విశ్రమించియున్న వేళ, కడప ప్రాంతపు రైతొకడు నన్నిట్లడిగెను: "సామీ, మా చిన్నోడు తాగుడికి బానిసైనాడు. అది మెదడుకు పట్టిన రోగమని డాక్టరు చెప్పినాడు. అట్లయితే వాని తప్పేముంది? వాడు మొక్కుకొని మాత్రం ఏం లాభం?"

ఇది వేదాంతులు విచారింపదగిన ప్రశ్న. 1983వ సంవత్సరమున అమెరికా దేశమున బెంజమిన్ లిబెట్ అను శాస్త్రజ్ఞుడొక పరీక్షను ప్రకటించెను. మనుష్యుడు తోచినపుడు తన చేతిని కదల్చవలెను. "కదల్తును" అను సంకల్పము అతనికి తెలియుటకు సెకనులో సుమారు మూడవ వంతు ముందే మెదడులో విద్యుద్వ్యాపారము మొదలగుచున్నదని తేలినది. కావున జీవునకు స్వాతంత్ర్యమే లేదని కొందరనిరి. లిబెట్ మాత్రము, పుట్టిన ప్రేరణను ఆపగల శక్తి మనుష్యునకు కలదనియే తలంచెను. ఆ పరీక్షార్థమును గూర్చి శాస్త్రజ్ఞులలో నేటికిని వాదము కలదు.

గీతయందు పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు అయిదు కారణములు చెప్పబడినవి: శరీరము, కర్త, ఇంద్రియములు, చేష్టలు, దైవము. మెదడు శరీరములోని భాగమే. "నేనొక్కడనే కర్తను" అను అహంకారమును భగవానుడు నిరసించెనే గాని, కర్తయే లేడని చెప్పలేదు. కర్త లేనిచో "ఇది చేయుము, ఇది మానుము" అను శాస్త్రము వ్యర్థమగును గదా!

శ్రీభాష్యమున భగవద్రామానుజులు చక్కని దృష్టాంతము చూపిరి. ఇద్దరికి ఉమ్మడియైన ధనమును ఒకడు పరునకీయవలెనన్న రెండవవాని అనుమతి కావలెను. అయినను ఇచ్చిన ఫలము ఇచ్చినవానిదే. అట్లే తొలి ప్రయత్నము జీవునిది, అనుమతి ఈశ్వరునిది.

రైతుతో నిట్లంటిని: "నాయనా, పనిముట్టు చెడిన బాగుచేయించుకొందుము గదా. అట్లే వానికి వైద్యము చేయింపుము. కాని 'నీ చేతిలో ఏమియు లేదు' అని వానితో ననకుము. ఒక్కపూట మానినను అది వాని ప్రయత్నమే. స్వామి దానిని చేయూతగా నిలుపును."

అతడు కొంతసేపు మౌనముగా నుండి, "వాన్ని చూస్తే నాకు కోపమొస్తాదే సామీ, అది ఎవరిది?" అనెను.

"కోపము పుట్టుట నీ వశము కాకపోవచ్చును. చేయి యెత్తకుండుట నీ వశమే" అంటిని.

పరుల దోషమును చూచునపుడు వారి దేహబంధమును తలంచి దయ చూపుదము. మన దోషమును చూచుకొనునపుడు మాత్రము మన ప్రయత్నమెంతయని ప్రశ్నించుకొందము. హిరణ్యకశిపుని చీల్చిన నృసింహుని ఉగ్రకోపము సైతము ప్రహ్లాదుని యెదుట శమించినది. అసురగృహమున పుట్టి పెరిగియు, ఆ బాలుడు హరినే వరించినాడు.