కవచం లోపలి బొంత

రెండేళ్ళ క్రితం చేవెళ్ళ, మొయినాబాద్‌ల మధ్య ఉన్న ఒక డిగ్రీ కాలేజీ నుంచి నాకు ఫోనొచ్చింది. వార్షికోత్సవానికి ఆడపిల్లలు రుద్రమదేవి నాటకం వేస్తున్నారు. ‘మీరు మధ్యయుగ సాహిత్యం మీద పరిశోధన చేశారు కదా, డ్రెస్సులు చరిత్ర ప్రకారం ఉన్నాయో లేదో ఒకసారి చూసి చెప్పండి’ అని అడిగారు. అలా అడిగితే సంతోషపడని పరిశోధకురాలు ఉంటుందా? వికారాబాద్ రోడ్డు మీద పాత మర్రిచెట్ల కింద బస్సులో వెళ్తున్నంతసేపూ పిల్లలకు ఏమేం చెప్పాలో మనసులో వరస పెట్టుకున్నాను. చెప్పడానికే వెళ్ళాను. నేర్చుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

నగరంలోని అద్దె షాపు నుంచి తెచ్చిన కవచం స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉంది. ఫైబర్‌తో చేసి బంగారు రంగు పూశారు. ఛాతీ దగ్గర రెండు గుండ్రటి గిన్నెలు బోర్లించినట్టు ఉంది. రుద్రమ అనగానే సినిమాలూ పోస్టర్లూ మన కళ్ళకు అలవాటు చేసిన రూపం అదే. అది చూడగానే నాకు కోపమొచ్చింది. ఆ కోపానికి కారణాలున్నాయి కాబట్టి ముందు అవి చెప్తాను.

కవచం పని దెబ్బను పక్కకు జార్చడం. అందుకే ఛాతీ మీది రేకు మధ్యలో ఉబ్బి, పక్కలకు వాలుగా ఉండాలి. రెండు గిన్నెల కవచం దీనికి సరిగ్గా వ్యతిరేకం. కత్తి మొన ఏ గిన్నె మీద పడినా రెండింటి మధ్య పల్లానికి, అంటే సరాసరి రొమ్ముటెముక మీదికి జారుతుంది. స్త్రీని కాపాడడానికి కాక, లోపల ఉన్నది స్త్రీ అని చూసేవాళ్ళకు గుర్తు చేయడానికి తయారైన కవచం అది. చంపడానికి వచ్చినవాడికి కూడా ఆమె శరీరాన్ని ప్రదర్శించాలన్న మాట!

పైగా ఆమె రుద్రమ. 1262 నుంచి 1289 వరకు కాకతీయ రాజ్యాన్ని ఏలిన ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజు అంటాయి. గణపతిదేవుడు కూతురిని కొడుకుగా భావించి రుద్రుడని పేరు పెట్టాడని ప్రతాపరుద్రీయం చెబుతుంది. 1995లో సింథియా టాల్బట్ తన వ్యాసానికి ‘స్త్రీ రాజు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది అందుకే. 2017లో వరంగల్ దగ్గర బొల్లికుంటలో గుర్తించిన, రుద్రమవిగా భావిస్తున్న శిల్పాల్లోనూ కనిపించేది నడుముకు పట్టీ బిగించి గుర్రమెక్కిన యోధురాలే. రాజుగా గుర్తింపు పొందడానికి స్త్రీత్వాన్ని పక్కన పెట్టక తప్పని మనిషికి, ఏడు వందల యేళ్ళ తర్వాత మనం స్త్రీత్వాన్ని ఇనుముతో పోతపోసి తొడుగుతున్నాం. పురుష వేషం ఆమెకు పితృస్వామ్యం విధించిన షరతు. ఆ షరతును దాచేసి, ఆమె అందాన్ని మాత్రం చూపించే వేషం అబద్ధమే కదా?

ఇదంతా పిల్లలకు చెప్పాను. 1989లో అమెరికాలో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాను. అక్కడ అంతర్యుద్ధం నాటి పోరాటాలను అప్పటి దుస్తులతో, ఆయుధాలతో మళ్ళీ ప్రదర్శించే ఆనవాయితీ ఉంది. యాంటీటమ్ యుద్ధభూమిలో లారెన్ కుక్ బర్జెస్ అనే ఆమె మగ సైనికుడి వేషంలో పాల్గొంది. ఆమె ఆడవాళ్ళ టాయిలెట్ నుంచి బయటికి రావడం చూసి అధికారులు అడ్డుపెట్టారు. ఆడవాళ్ళు సైనికులుగా కనిపిస్తే చారిత్రక వాస్తవికత దెబ్బతింటుందని వాళ్ళ వాదన. ఆమె కోర్టుకు వెళ్ళి 1993లో గెలిచింది. ఆ యుద్ధంలో వందలాది స్త్రీలు మగవేషాల్లో నిజంగానే పోరాడారని డియాన్ బ్లాంటన్‌తో కలిసి 2002లో పుస్తకం కూడా తెచ్చింది. ‘వాస్తవికత’ అన్న మాట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు అది గేటు తాళం అవుతుంది. వేషం పూర్తిగా కుదిరి ఎవరి కంటా పడకుండా బతికిన ఆడవాళ్ళనే, కనబడలేదు కాబట్టి లేరు అన్నారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కవచం షాపుకు తిరిగి వెళ్ళిపోయింది. అంతవరకు నాదే పైచేయి.

తర్వాత చెలికత్తెల బట్టల సంగతి వచ్చింది. కాకతీయుల కాలం బట్టల గురించి మాట్లాడాలంటే రామప్ప గుడికి వెళ్ళక తప్పదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలు నగలూ నడుము పట్టీలూ ధరించి ఉంటారు. ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు కూడా తొడుక్కుంటుంది. ఆ చెప్పుల గురించి అందరం ముచ్చటగా చెప్పుకుంటాం. వాళ్ళ ఛాతీ మీద బట్ట లేదన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాం. పిల్లల కోసం రాసుకున్న జాబితాలో నేనూ అదే చేశాను. నడుము పట్టీ శిల్పంలో ఉన్నట్టే, నగలు శిల్పంలో ఉన్నట్టే. ఆ తర్వాత, ఏ వివరణా లేకుండా, మోచేతుల దాకా జాకెట్టు.

కంచుకం, రవికె అన్న మాటలు మన పాత సాహిత్యంలో ఉన్నాయని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కానీ నేను జాకెట్టు రాసింది సాహిత్యాన్ని చూసి కాదు, ఎదురుగా ఉన్న పంతొమ్మిదేళ్ళ పిల్లల్ని చూసి. ఇనుము దగ్గర నిజం కావాలని పట్టుబట్టిన దాన్ని బట్ట దగ్గర ఎందుకు వదిలేశాను? ఇది ద్వంద్వనీతి కాదా? ఆ రాత్రి ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

బట్ట ఉండడం, లేకపోవడం అన్నవి ఏ కాలంలోనూ ఒంటికి మాత్రమే సంబంధించిన విషయాలు కావు. మొయినాబాద్ మండలం ఎనికెపల్లిలో 2023లో నాలుగు వైపులా తీర్థంకరుల్ని చెక్కిన రాతి స్తంభాలు వెలుగు చూశాయి. తొమ్మిది, పది శతాబ్దాల నాటివి. చిలుకూరు అప్పట్లో జైన కేంద్రం. దిగంబరులకు వస్త్రం కూడా వదులుకోవాల్సిన బంధనమే. స్త్రీ ఆ బంధనాన్ని వదులుకోలేదు కాబట్టి స్త్రీ జన్మలో మోక్షం లేదన్నారు. శ్వేతాంబరులూ, దక్కనులోని యాపనీయులూ దీన్ని ఒప్పుకోలేదు, వందల యేళ్ళు వాదించారు. మగవాడి నగ్నత్వం ముక్తికి దారి అయిన చోటే ఆడదాని బట్ట ఆమె అనర్హతకు సాక్ష్యమైంది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పై బట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడాల్సి వచ్చింది. 1859లో అనుమతి దొరికినప్పుడు కూడా పై కులాల స్త్రీలలాగా వేసుకోకూడదన్న షరతు మిగిలే ఉంది. కాబట్టి ‘అప్పట్లో అలాగే ఉండేవాళ్ళు’ అన్న మాట ఎంత నిజమైనా, ఎవరి ఇష్టంతో, ఎవరి ఆజ్ఞతో అలా ఉండేవాళ్ళు అని అడగకపోతే అది సగం నిజమే.

చనిపోయినవాళ్ళకు మనం నిజం బాకీ ఉన్నాం. బతికున్నవాళ్ళకు గౌరవం బాకీ ఉన్నాం. వేదిక మీద నిలబడే పిల్ల శరీరం మ్యూజియం బొమ్మ కాదు. జాకెట్టు వేయించడంలో తప్పు లేదు. వేయించి, అది చరిత్రే అన్నట్టు ఊరుకోవడంలో తప్పుంది. మర్నాడు వెళ్ళి పిల్లలకు ఆ మాట చెప్పాను. ‘ఈ జాకెట్టు శిల్పంలో లేదు, మన కోసం మనం కలిపింది’ అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. చెప్పాక నాకు తేలికైంది.

ఇక కవచం బదులు ఏం తొడగాలి? మధ్యయుగాల్లో లోహపు కవచం కొద్దిమందికే అందేది. పొరలు పొరలుగా నూలు బట్ట పేర్చి దగ్గర దగ్గరగా కుట్టిన మందపాటి అంగీలే చాలామంది సైనికులకు రక్షణ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ అక్కడి సేనల్లో ఇలాంటి అంగీల గురించి రాశాడు. యూరప్‌లోనూ ఇనుప కవచం కింద ఇలాంటిదే తొడుక్కునేవాళ్ళు, పేద సైనికుడికి అదొక్కటే కవచం. బట్టకు ఈ నేలలో కొదవ లేదు. మోటుపల్లిని ఏలిన రాణి గురించి రాసిన మార్కో పోలో అక్కడి నూలు బట్ట సాలెగూడులా సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. గణపతిదేవుడి కూతుర్ని ఆయన భార్యగా పొరబడిన ఆ యాత్రికుడు బట్ట విషయంలో మాత్రం పొరబడలేదు.

ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తుంటే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, ‘మేడం, గిది బొంతే గద. మా అవ్వ కుడ్తది’ అంది.

ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాం. అవ్వ పూలతోటల్లో కూలికి పోతుంది. పాత చీరలు నాలుగు పరిచి, మధ్యలో చినిగిన పంచెలు, లుంగీలు పేర్చి, దబ్బనంతో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోయింది. నేను నోట్‌బుక్ తీశాను. ఎన్ని పొరలు, కుట్టుకు కుట్టుకు ఎంత దూరం, మూలల్లో ఎందుకు రెండుసార్లు కుడుతుంది, అన్నీ అడిగాను. ‘బొంత కుట్టుడు గూడ సదువేనా బిడ్డా?’ అని నవ్వింది. పొరలు కదలకుండా ఉండాలంటే నడిమిట్ల ముందు నాలుగు టాకాలు వేసుకోవాలని చెప్పింది. అది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ‘దీనికి కత్తి దిగదంటరు అవ్వా’ అన్నాను. ‘కత్తి సంగతి నాకెట్ల తెల్సు. సలి మాత్రం దిగది’ అంది.

రెండు వారాల్లో రుద్రమకు అంగీ తయారైంది. నూలుతో, చీరల రంగులతో, ఎండలో వాడితే చెమటకు బరువెక్కే నిజమైన అంగీ. ఒక స్త్రీ రాజును కాపాడే బట్టలో ఎందరు స్త్రీల చేతులుంటాయో నేను అప్పటిదాకా ఆలోచించలేదు. కవచం అంటే కమ్మరి కొలిమినే ఊహించుకున్నాను.

రిహార్సల్ రోజు ఆ అమ్మాయిని దాసి పాత్రలో చూశాను. రాణి పాత్రకు ఎవర్ని తీసుకున్నారో, దాసీలుగా ఎవర్ని నిలబెట్టారో నేను మొదటిరోజే గమనించాల్సింది. తెల్లగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి రుద్రమ. అంగీ కుట్టించి తెచ్చిన అమ్మాయి చేతిలో నీళ్ళ చెంబు, ఒంటిమీద కావాలని చింపిన గోనె రంగు గుడ్డ. ‘పేదవాళ్ళంటే అలాగే కదా మేడం’ అన్నారు నాటకం చూసుకుంటున్న సారు. ఇన్ని రోజులు అక్కడే తిరిగినా ఆ చింపిన గుడ్డ నా జాబితాలో లేదు. రాణి నడుము పట్టీ వెడల్పు మాత్రం ఉంది.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి అడిగింది: ‘మేడం, రాణి బట్టలు గుళ్ళ రాళ్ళ మీద ఉన్నయంటున్నరు. మరి మావోళ్ళు అప్పట్ల ఏం కట్టుకుంటుండె?’

నాకు మాట రాలేదు. రాయి ఎవరు చెక్కించారో వాళ్ళ నగల్లో ఒక్క పూసనూ మరిచిపోదు. చెరువు తవ్విన ఆమె, నూలు వడికిన ఆమె, అంగీ కుట్టిన ఆమె ఏం కట్టుకున్నారో చెప్పాల్సిన అవసరం ఆ రాతికి లేకపోయింది. రుద్రమ మరణం జాడైనా ఒక బంటు వేయించిన దానశాసనం వల్లే, 1289 నాటి చందుపట్ల శాసనం వల్లే మనకు దక్కింది. ఆ బంటు ఇంట్లో ఆడవాళ్ళకు అలాంటి రాయి లేదు. ఖచ్చితత్వం అన్నది రాయి దక్కినవాళ్ళకు మాత్రమే అందే న్యాయం అని అప్పుడు అర్థమైంది. ఇంతకాలం నేను దాన్నే సత్యం అనుకున్నాను.

‘మీ అవ్వ చీర కట్టుకుంటావా?’ అన్నాను. అంటూనే భయం వేసింది. శ్రమజీవుల బట్టలు ఏడు వందల యేళ్ళుగా మారలేదనడం కూడా ఒక అవమానమే. మార్పూ చరిత్రా రాజులకే ఉంటాయని, మిగతావాళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉంటారని చెప్పినట్టవుతుంది. ఈ సంకటాన్ని ఎలా వివరించాలా అని నేను మాటలు వెతుక్కుంటుండగానే ఆ అమ్మాయి అంది:

‘కట్టుకుంట మేడం. గని గది అప్పటిదని మాత్రం చెప్పకుండ్రి.’

పీహెచ్‌డీ చేసిన నేను చెప్పాల్సిన మాట అది. తెలియని చోట చింపిన గుడ్డ కప్పడం ఒక అబద్ధం, అవ్వ చీరను ప్రాచీనం అనడం ఇంకో అబద్ధం. ఖాళీని ఖాళీగా చూపిస్తూనే, అందులో నిలబడ్డ మనిషికి గౌరవమైన బట్ట ఇవ్వడం అనే మూడో దారి ఆ అమ్మాయికి తోచింది. జాకెట్టు విషయంలో నేను ఒక రాత్రంతా మేలుకుని తెలుసుకున్నదాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది.

వార్షికోత్సవం రోజున ఆ అమ్మాయి ఆకుపచ్చ అంచు చీర గోచీ పోసి కట్టుకుని వచ్చి, రుద్రమకు అంగీ తొడిగి, తాళ్ళు ముడివేసింది. ఈ అంగీ ఎవరు కుట్టారో, దాసి కట్టుకున్న చీర ఏ కాలానిదో మైకులో చెప్పారు. పాత్రలు మాత్రం మారలేదు. తెల్లగా ఉన్న అమ్మాయే రాణి. అది మార్చమని అడగడానికి నేను ఆలస్యంగా మేలుకున్నాను. ఈ వ్యాసంలో నా తప్పు ఏదైనా దాస్తే అది కూడా చింపిన గుడ్డ కప్పడమే అవుతుంది కాబట్టి ఇదీ రాస్తున్నాను.

నాటకం అయిపోయాక అంగీని కాలేజీ అద్దాల బీరువాలో పెడదామన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. చేతులు విప్పదీసి, మళ్ళీ బొంతగా కుట్టుకుందట. ఇప్పుడు దాన్ని చలికాలంలో మనవరాలు కప్పుకుంటోంది.